మెట్ల కింది గదిలో ఉండే పిల్లతో ఆడొద్దని మా అమ్మాయికి ఏమని చెప్పను?

విశాఖపట్నం నుంచి ఒక తల్లి రాశారు. ఉత్తరం పెద్దది. ఆనవాళ్లు తెలియకుండా ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె బ్యాంకు ఉద్యోగి. 40 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో భర్త, అత్తగారు, ఐదో తరగతి చదివే కూతురితో ఉంటున్నారు. అక్కడి వాచ్‌మన్ కుటుంబం శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వచ్చింది. సెల్లార్‌లో మెట్ల కింద, నీళ్ల మోటారు పక్కనున్న గదే వాళ్ల ఇల్లు. వాచ్‌మన్ కూతురిదీ ఐదో తరగతే, మున్సిపల్ పాఠశాలలో. ఆ పిల్లకు ఐదేళ్లు నిండబోతున్న తమ్ముడున్నాడు. ఆడపిల్లలిద్దరికీ స్నేహం కుదిరింది. సాయంత్రం కింద ఆడుకునేవారు, వానొస్తే పైకి వచ్చి కలిసి లెక్కలు చేసుకునేవారు. లెక్కల్లో తన కూతురి కంటే ఆ పిల్లే చురుకని ఈ తల్లే రాశారు.

కూతురి పుట్టినరోజుకు ఆ పిల్లనూ పిలిచారు. కేకు దగ్గర అందరితోపాటు నిలబెట్టి ఫోటో తీశారు. అది ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకు నచ్చలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. భద్రత, పరిశుభ్రత దృష్ట్యా పనివాళ్లు, వాళ్ల పిల్లలు లిఫ్టు, పిల్లల ఆటస్థలం వాడకూడదని. కింద వరసగా బొటనవేలి బొమ్మలు. ఈమె ఏదో రాయబోయి ఆగిపోయారు. మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ తలుపు తట్టి, "అమ్మగారూ, మా పాపను ఇక పైకి పిలవకండి, మాకున్న నీడ కూడా పోతుంది" అని చేతులు జోడించాడు.

ఇప్పుడు ఆ పిల్ల మెట్ల దగ్గర కనిపించినప్పుడు ఏదైనా లెక్క చెప్పమంటే "నాకు రావులే ఆంటీ" అని తప్పుకుంటోంది. కడుపునొప్పి అంటూ తరచూ బడి మానేస్తోంది. కూతురేమో తన స్నేహితురాలు ఏం తప్పు చేసిందని రోజూ అడుగుతోంది. ఇరుగుపొరుగుతో తగవెందుకని భర్త అంటారు. ఎవరి హద్దుల్లో వాళ్లుంటేనే మర్యాద అని అత్తగారు. ఈమె ఆలోచన, ఆ పిల్లను తన కూతురు చదివే ప్రైవేటు బడిలో చేర్చి ఫీజు తానే కట్టాలని. గ్రూపులో నిలదీయాలా, ఊరుకోవాలా, ఫీజు కట్టాలా, కూతురికి ఏం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

* * *

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటు ఒకటుంది. మీరు దాన్ని ఏదో మాటల మధ్యలో రాసి వదిలేశారు. నిషేధం పెట్టాక కూడా మూడో అంతస్తు వారికి కరివేపాకు కావాలన్నా, ఐదో అంతస్తు వారికి ఇస్త్రీ బట్టలు రావాలన్నా ఆ పిల్లనే పంపిస్తున్నారని, అప్పుడు లిఫ్టు ఎక్కితే ఎవరూ ఏమీ అనరని రాశారు. మీ అసోసియేషన్ పెట్టిన నియమం అసలు రూపం ఇదే. పని మీద ఎక్కితే పరిశుభ్రతకు ఏ లోటూ రాదు, ఆటకు ఎక్కితేనే వస్తుంది. పెద్దవాళ్లు ఇలాంటివి గమనించనట్టు ఉండగలరు. పదేళ్ల పిల్ల ఉండలేదు.

ఆ పిల్లకు లెక్కలు ఎందుకు రాకుండా పోయాయో ఇప్పుడు చూద్దాం. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2003 ప్రాంతంలో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి, దారి కనిపెట్టిన ప్రతిదానికీ డబ్బులిచ్చారు. ఎవరిది ఏ కులమో బయటపెట్టనప్పుడు అగ్రకులాల పిల్లలు, దళిత పిల్లలు దాదాపు సమానంగా చేశారు. తర్వాత ఇంకో గుంపు పిల్లల్ని కూర్చోబెట్టి, మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ఎదుటా చదివారు. పిల్లలు అలాంటివాళ్లే, బొమ్మలు అవే. దళిత పిల్లలు పరిష్కరించిన బొమ్మల సంఖ్య స్పష్టంగా పడిపోయింది. ఆ పిల్లల తెలివిని ఎవరూ తీసేయలేదు. వాళ్లెవరో పదిమందిలో గుర్తుచేశారు, అంతే.

మీ గ్రూపు సందేశం చేసింది కూడా అదే పని. ఆ పిల్ల తండ్రికి ఫోను ఉంది, ఆ గ్రూపులో ఆయన లేకపోవచ్చు, కానీ ఆ రోజు సాయంత్రానికి సంగతి సెల్లార్‌కు చేరింది. పేదరికం అనగానే మనకు పుస్తకాలు లేకపోవడం, తిండి చాలకపోవడం గుర్తొస్తాయి. అవి నిజమే, చిన్నవీ కావు. మోటారు చప్పుడులో, కార్ల పొగలో, దోమల్లో నిద్రపోయి లేచిన పిల్లకు మొదటి పీరియడ్‌లో కునుకు వస్తుంది. కానీ ఈ పిల్ల అదే గదిలో ఉంటూ మొన్నటిదాకా మీ అమ్మాయిని మించి లెక్కలు చేసింది. గది మారలేదు, తన చోటేమిటో తనకు చెప్పారు. అందుకే మీరు ఏ సాయం తలపెట్టినా ఒక్క సంగతి చూసుకోండి. ఆ సాయం ఆమెను మళ్లీ పదిమందిలో వేరుగా నిలబెడుతుందా, లేదా?

కడుపునొప్పి మాటకొస్తే, దాన్ని ముందు కడుపునొప్పిగానే చూడండి. మనసు బాధ అని మనమే తీర్మానించేస్తే అసలు జబ్బు దాటిపోతుంది. నులిపురుగులు కావచ్చు, రక్తహీనత కావచ్చు, బడిలో మరుగుదొడ్డికి వెళ్లలేక నీళ్లు తాగకపోవడం కావచ్చు. పట్టణ ఆరోగ్య కేంద్రానికి తల్లితో పంపండి. ఏమీ లేదని తేలితే అప్పుడు భయం గురించి ఆలోచించవచ్చు.

ఇక గ్రూపులో నిలదీయడం. మీకు చేయి ఊరుతోందని తెలుస్తూనే ఉంది. నాకూ ఊరింది, మీరు పంపిన ఆ సందేశం చదివితే. అయినా ఒక్క క్షణం వాచ్‌మన్ వైపు నుంచి చూడండి. ఆయన చేతులు జోడించడంలో మీకు ఆత్మాభిమానం లేకపోవడం కనిపించినట్టుంది, "అంతలా లొంగిపోవాలా" అని రాశారు. నాకైతే లెక్క తెలిసిన మనిషి కనిపించాడు. ఆయనకు ఉద్యోగం, ఇల్లు వేరు వేరు కావు. కమిటీ వద్దంటే జీతంతోపాటు ఆ రోజే గది కూడా పోతుంది. గది పోతే పాప బడి మధ్యలో తెగుతుంది. మీరు గ్రూపులో గెలిచినా ఓడినా మీ ఫ్లాటు మీదే. పందెం మొత్తం ఆయన కాస్తున్నాడు, ఆడేది మీరు.

కాబట్టి పోట్లాడవద్దని నేననను. ఆయన్ని పక్కకు తప్పించి పోట్లాడండి. మొదట మీ వైపు మొగ్గు ఉన్న రెండు మూడు కుటుంబాలతో ఇంట్లో కూర్చుని మాట్లాడండి. 40 ఫ్లాట్లలో బొటనవేలు పెట్టినవారు ఎందరు, మౌనంగా ఉన్నవారు ఎందరో లెక్కపెట్టండి. మౌనంగా ఉన్నవారిలో మీలాంటివారు కొందరు తప్పక ఉంటారు. ఆటస్థలం యజమానులందరి ఉమ్మడి ఆస్తి, గ్రూపులో ఒకరు పెట్టిన సందేశం అసోసియేషన్ తీర్మానం కాదు. సర్వసభ్య సమావేశంలో పెట్టమని రాతపూర్వకంగా అడగండి. అక్కడ వాచ్‌మన్ ఊసు, పుట్టినరోజు ఊసు, ఆ పిల్ల ఊసు ఎత్తకండి. "ఈ ప్రాంగణంలో నివసించే పిల్లలందరికీ ఆటస్థలం ఈ వేళల్లో తెరిచి ఉంటుంది, ఇలా నడుచుకోని పిల్లలెవరైనా ఆ వారం ఆడకూడదు" అన్నంత మాత్రమే ప్రతిపాదించండి. నియమం పిల్లల నడత మీద ఉండాలి, తండ్రి ఉద్యోగం మీద కాదు. లిఫ్టు వాడకం కూడా అదే పద్ధతిలో. ఓడిపోవచ్చు కూడా. ఓడితే మీకు ఆ మెట్ల మీద కొన్నాళ్లు పలకరింపులు తగ్గుతాయి. మీ భర్త భయపడుతున్నది దానికే, ఆ భయం వట్టిది కాదు. ఆయనతో ముందే మాట్లాడి, ఎంతవరకు ఓర్చుకోగలరో ఇద్దరూ అనుకోండి. సమావేశంలో మీరు లేస్తే ఆయన కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చోకూడదు.

అదే సమావేశంలో ఇంకో తీర్మానం పెట్టించగలిగితే అది ఆటస్థలం కంటే పెద్దది. వాచ్‌మన్‌ను మాన్పించాలంటే కనీసం నెల ముందు చెప్పాలని, పిల్లల వార్షిక పరీక్షలు అయ్యేదాకా గది ఖాళీ చేయించకూడదని. దీనికి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పరు, ఎందుకంటే అందులో గొప్పలు చిన్నలు తగలవు. ఆ కాగితం వచ్చాక ఆ తండ్రి ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు.

ఎదుటి తల్లిదండ్రులు చెడ్డవాళ్లని నేను అనుకోవడం లేదు, అనుకుంటే పని జరగదు. వాళ్ల భయం ఏమిటంటే మన పిల్లలు బూతులు నేర్చుకుంటారు, చదువులో వెనకబడతారు. దీనికి ఎవరో ఊహించి చెప్పిన జవాబు కాకుండా గట్టి జవాబు ఒకటుంది. ఢిల్లీలో ప్రభుత్వ స్థలాల్లో నడిచే పేరున్న ప్రైవేటు బడులు 20 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలని 2007లో నిబంధన వచ్చింది. అలా కలిసి చదివిన సంపన్న పిల్లలకు ఏమైందో గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త చూశారు. ఆయన వ్యాసం 2019లో అచ్చయింది. లెక్కలు, హిందీ మార్కుల్లో తేడా కనిపించలేదు, ఇంగ్లిషులో కాస్త తగ్గింది. తరగతిలో చెడ్డ మాటలు కొంచెం పెరిగాయని ఉపాధ్యాయులు చెప్పిన మాట కూడా నిజమే, దాచడం ఎందుకు. కానీ ఆ పిల్లలు ఇతరులతో పంచుకోవడంలో, సేవా పనులకు ముందుకు రావడంలో మిగతావారికంటే మెరుగయ్యారు. రిలే పరుగుకు జోడీని ఎంచుకోమన్నప్పుడు, పేద పిల్లలతో కలిసి చదివినవారు వేగంగా పరిగెత్తే పేద పిల్లను ఎంచుకోవడానికి వెనకాడలేదు. అలా కలిసి చదవనివారు, ఆ తర్వాత ఆ పిల్లతో కలిసి ఆడాల్సి వస్తుందని తెలిసి, ఓడిపోయే జోడీనైనా ఎంచుకోవడానికి ఎక్కువగా మొగ్గారు. ఇలాంటి దూరం పాటించడం వల్ల ముందు నష్టపోయేది పేద పిల్లలే అయినా, గెలవగల పందెం వదులుకున్నది మాత్రం సంపన్న పిల్లలు. సమావేశంలో ఇది చెప్పి చూడండి, మార్కుల భాష అయితే మనవాళ్లు వింటారు.

ఆ కుటుంబానిది ఏ కులమో మీరు రాయలేదు, నాకు తెలియాల్సిన పనీ లేదు. కాకపోతే ఎస్సీ, ఎస్టీ కుటుంబమై, ఎవరైనా పదిమంది చూస్తుండగా కులం పేరెత్తి అవమానిస్తే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మాత్రం వాళ్ల నిర్ణయం. మీ కోపంతో వాళ్ల చేత చేయించకండి.

ఇప్పుడు ఫీజు సంగతి. మీ మనసు మంచిది, కానీ ఈ ఆలోచన మీదే నాకు అనుమానం ఎక్కువ. ఆరో తరగతిలో చేర్చితే పదో తరగతి వరకు ఐదేళ్లు. ఫీజు ఒక్కటే కాదు, వ్యాను, పుస్తకాలు, రెండు రకాల యూనిఫాం, బూట్లు, ప్రాజెక్టులకు థర్మోకోల్, ఏడాదికోసారి విహారయాత్ర. మధ్యలో మీకు బదిలీ వస్తే? వాళ్లే ఊరికి వెళ్లిపోతే? ఐదేళ్లు ఆపకుండా కట్టగలమని మీ భర్తతో కలిసి కాగితం మీద లెక్క వేసుకుని ధైర్యం చిక్కితే తప్ప మొదలుపెట్టకండి. ఏడో తరగతిలో ఫీజు ఆగి మళ్లీ మున్సిపల్ బడికి రావడం, అసలు వెళ్లకపోవడం కంటే కష్టం. ఇంకొకటి, ఒకే తరగతిలో ఇద్దరూ కూర్చుంటే అక్కడ కూడా "వాళ్లు చదివిస్తున్న పిల్ల" అన్న పేరు రెండు వారాల్లో వచ్చేస్తుంది. ఇన్నాళ్లూ స్నేహితులుగా ఉన్న ఇద్దరిలో ఒకరు పెట్టేవారు, ఒకరు పుచ్చుకునేవారు అవుతారు. రేపు బొమ్మ కోసం దెబ్బలాడుకున్నా ఆ పిల్ల మీ అమ్మాయిని గట్టిగా ఒక మాట అనలేదు. ఎదురు మాట అనలేనివాళ్ల దగ్గర స్నేహం ఎక్కడ నిలుస్తుంది?

మున్సిపల్ బడి మంచిది కాదని మీరెలా తేల్చారో ఉత్తరంలో లేదు. ఒకసారి వెళ్లి లెక్కల ఉపాధ్యాయుడితో మాట్లాడి రండి. తల్లిని వెంట తీసుకెళ్లండి, మాట ఆమెను మాట్లాడనివ్వండి. ఆ బడిలో ఆ పిల్లకు తక్కువైంది ఏమిటో తెలిస్తే సగం పని అయినట్టే. ఒకవేళ తక్కువైంది ఇంటి దగ్గర చదువుకునే చోటు అయితే, మీ చేతిలో దానికి మందుంది. మీ క్లబ్ హౌస్ వినాయక చవితి నవరాత్రులు తప్పితే ఏడాదంతా తాళం వేసి ఉంటుందని మీరే రాశారు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా తీసి, ఐదో తరగతి నుంచి పది దాకా ఏ పిల్లైనా వచ్చి చదువుకోవచ్చని పెట్టండి. ఫ్లాట్ల పిల్లలూ రావాలి, మీ అమ్మాయి ముందు రావాలి. విశ్రాంత ఉద్యోగులు ఒకరిద్దరు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు, పొద్దుపోక గేటు దగ్గర కూర్చునేవారు. వాళ్లలో ఒకరికి ఈ బాధ్యత ఇచ్చి చూడండి. ఇలా చేస్తే ఆ పిల్ల ఎవరి సాయం మీదా వచ్చినట్టు ఉండదు. ఎవరూ రాకపోతే రెండు నెలల్లో మూతపడుతుంది, అంతకుమించి నష్టం లేదు.

ఇంకో దారి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. 2004లో మొదలైన ఈ ఆశ్రమ బడులు ఆడపిల్లలకే, ఆరో తరగతి నుంచి. చదువు, భోజనం, వసతి అన్నీ ఉచితం. విద్యలో వెనకబడిన మండలాల్లో పెట్టారు గనుక నగరంలో కంటే వాళ్ల సొంత మండలం వైపే దొరికే అవకాశం ఎక్కువ. దీనిలో ఉన్న పెద్ద మేలు, తండ్రి ఉద్యోగం పోయినా పిల్ల చదువు కదలదు. ఉన్న చేటు, ఈ సమయంలో దూరంగా పంపితే "నేను కనిపించకూడదని పంపేశారు" అనుకోవచ్చు. అమ్మమ్మ ఊరికి దగ్గరలో ఉంటే ఒక రకం, ఎవరూ లేని చోటైతే ఇంకో రకం. ఆ పిల్లను అడగకుండా దరఖాస్తు పెట్టవద్దు.

మీరు అడగలేదు గానీ, ఈ పిల్ల బతుకును ఫీజు కంటే ఎక్కువగా మార్చగలిగేది ఒకటి మీ మెయింటెనెన్స్ లెక్కల్లో ఉంది. జీతం భర్తకే ఇస్తున్నారని, మెట్లు తుడవడం, ముందు వాకిలి కడిగి ముగ్గు వేయడం, చెత్త దింపడం భార్య చేస్తుందని రాశారు. ఆమె పనికి విడిగా ఏమీ లేదు, గది ఇచ్చాం కదా అన్నది లెక్క. 40 ఫ్లాట్లు నెలకు తలా 200 రూపాయలు వేసుకుంటే 8,000 అవుతుంది. ఒక్కో ఇంటికి ఒక పిజ్జా డబ్బు. ఆ తల్లికి 8,000 సొంతంగా వస్తే ఆ కూతురికి ఏం కొనాలో, ఏ బడి మంచిదో ఆమే చూసుకుంటుంది. మనం వాళ్ల పిల్లల్ని చదివించడానికి ముందుకు వచ్చినంత తేలికగా వాళ్ల జీతం పెంచడానికి రాము. ఎందుకంటే మొదటిదానికి పేరొస్తుంది. ఇది మిమ్మల్ని ఉద్దేశించి అన్నది కాదు, అయినా ఆలోచించండి.

ఇదే ఊపులో ఆమెకు రాష్ట్ర ప్రభుత్వ పథకం 'తల్లికి వందనం' డబ్బు పడుతోందో లేదో కనుక్కోండి. అర్హత ఉన్న కుటుంబాల్లో బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ ఏడాదికి 15,000 అని 2025లో మొదలైంది. అందులో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడాలి. వలస వచ్చిన కుటుంబాల వివరాలు సొంత ఊరి సచివాలయంలో ఉండిపోయి, ఆధార్‌కు జోడించిన బ్యాంకు ఖాతా వాడకంలో లేక చిక్కులు వస్తాయి. బ్యాంకులో పనిచేసే మీకు ఆ రెండో చిక్కు విప్పడం ఎంతసేపు?

మీ అమ్మాయికి ఏం చెప్పాలన్న దానికి నిజం చెప్పండి. "పెద్దవాళ్లు కొందరు తప్పు నిర్ణయం తీసుకున్నారు. మేము మార్చడానికి చూస్తున్నాం. మారుతుందో లేదో తెలియదు." పదేళ్ల పిల్ల దీన్ని మోయగలదు. ఆమె మోయలేనిది, ఏదో కారణం ఉండే ఉంటుందిలే అని మీరు తప్పించుకోవడం. అప్పుడు కారణం తనే వెతుక్కుంటుంది, దొరికేది ఆ స్నేహితురాలి బట్టల్లోనో, గదిలోనో. "పాపం" అన్న మాట కూడా ఇంట్లో వద్దు, జాలి పడేవాళ్లతో ఎవరూ తొక్కుడుబిళ్ల ఆడరు. నాయనమ్మ హద్దుల మాట అన్నప్పుడు పిల్ల ముందు ఆవిడతో వాదించకండి, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. ఆవిడ పెరిగిన రోజుల్లో ఆవిడకూ ఎవరో గీతలు గీసి ఉంటారు, అడిగితే చెబుతారు.

సమావేశం జరిగేదాకా ఇద్దరూ ఎక్కడ కలవాలి? ఆ తల్లిని అడగండి. ఆమె సరేనంటే ఆదివారం సాయంత్రం నలుగురూ కలిసి బీచ్‌కు వెళ్లండి, అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. వద్దంటే వద్దు. ఇప్పటికి ఆమె భయమే మీకు హద్దు.

చివరగా ఒక్క తొందర పని. విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి, ఆంధ్రప్రదేశ్‌లో ఇది అమలవుతోంది. అక్కకు ఆ దారి మూసుకుపోయింది, తమ్ముడికి ఇప్పుడే తెరుచుకుంటుంది. అక్కడ మీ సొమ్ము అక్కర్లేదు, అది వాడి హక్కు. బడికి దగ్గరలో ఉన్నవారికి ముందు ఇస్తారు గనుక చిరునామాకు ఆధారం అడుగుతారు. వాళ్ల ఆధార్ మీద ఇంకా ఊరి చిరునామానే ఉండి ఉంటుంది. అసోసియేషన్ వాళ్లు ఆ గదికి అద్దె ఒప్పందం రాసిస్తే పని నడుస్తుంది. వయసు లెక్క స్టేట్ సిలబస్ బడులకు ఒక తేదీతో, సీబీఎస్ఈ బడులకు ఇంకో తేదీతో చూస్తారు. ప్రకటన వచ్చాక పరుగెత్తితే చాలదు, అబ్బాయికి పుట్టిన తేదీ ధ్రువపత్రం ఉందో లేదో ఈ వారమే అడగండి.